సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు ఫిజియోథెరపీ: ఇంట్లో రోజూ చేయించే పద్ధతి, దశలవారీగా

పాపకు సెరిబ్రల్ పాల్సీ అని తెలియగానే చాలా ఇళ్లలో ఒకటే జరుగుతుంది. థెరపిస్టును వెతుక్కుంటారు, వారానికి రెండు మూడు సెషన్లు మొదలవుతాయి. పాపను బల్ల మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ వంచి, చాపి, లాగుతుంటే అమ్మానాన్నలు పక్కన కూర్చుని చూస్తుంటారు. పాప ఏడుస్తుంది, అలసిపోతుంది. నెలలు గడిచినా కొత్తగా ఒక్క పనీ రాదు. చివరికి "మా పాప ఇంతేనేమో" అనుకుంటారు. చాలాసార్లు లోపం పాపలో లేదు, ఎంచుకున్న పద్ధతిలో ఉంది.

ఇంకొకరు కదిలిస్తే కదిలే కాలు పెద్దగా ఏమీ నేర్చుకోదు. తనకు కావలసిన దాన్ని అందుకోవడానికి పిల్లలు తమంతట తాము ప్రయత్నించి, తప్పి, మళ్లీ ప్రయత్నించినప్పుడే మెదడు ఆ కదలికను నేర్చుకుంటుంది. ఈ రంగంలో ఇటీవలి దశాబ్దాల్లో వచ్చిన అతి పెద్ద మార్పు ఇదే. అందుకే సెషన్ అయ్యాక థెరపిస్టును తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఈ గంటలో మా పాప తనంతట తాను ఏం చేసింది?"

కింద చెప్పినవేవీ మీ పిల్లల్ని స్వయంగా పరీక్షించే థెరపిస్టుకు బదులు కావు. ప్రతి దశనూ వాళ్లతో మాట్లాడి, మీ పిల్లలకు తగ్గట్టు మార్చుకుని చేయండి.

ముందు సమస్య ఏమిటో తెలియాలి

సెరిబ్రల్ పాల్సీ కండరాల్లో పుట్టే జబ్బు కాదు. కడుపులో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొద్ది కాలానికో, ఇంకా ఎదుగుతున్న మెదడుకు జరిగిన నష్టం వల్ల కదలిక, నిలకడ దెబ్బతింటాయి. ఆ నష్టం వయసుతో పాటు పెరగదు. కానీ పిల్లలు పెరుగుతారు కదా. ఎముకలు సాగినంత వేగంగా బిగుసుకున్న కండరాలు సాగలేవు. రెండేళ్లప్పుడు తేలిగ్గా వంగిన చీలమండ ఏడెనిమిదేళ్లకు గట్టిపడటానికి, ఒక్కసారిగా ఎత్తు పెరిగిన ఏడాదిలో నడక దెబ్బతినడానికి కారణం అదే. మెదడులో జబ్బు ముదురుతోందని టెన్షన్ పడకండి. కానీ ఎత్తు వేగంగా పెరిగే నెలల్లో కండరాల బిగుతును మరింత జాగ్రత్తగా గమనించండి.

ఎక్కువ మంది పిల్లల్లో కనిపించేది కండరాలు బిగుసుకుపోయే స్పాస్టిక్ రకం. ఆ బిగుతు రెండు కాళ్లలో ఎక్కువగా ఉంటే డైప్లీజియా అని, ఒక పక్క చేయీ కాలూ అయితే హెమిప్లీజియా అని, ఒళ్లంతా అయితే క్వాడ్రిప్లీజియా అని అంటారు. కొందరిలో తమ అదుపులో లేని మెలికల కదలికలు వస్తాయి, అది డిస్కైనెటిక్ రకం. బ్యాలెన్స్ కుదరక తూలడం అటాక్సిక్ రకం. రెండు మూడు రకాలు కలిసి ఉండే పిల్లలూ ఉన్నారు. రకాన్ని బట్టి పని మారుతుంది. స్పాస్టిక్ పిల్లలకు కండరాల బలం పెంచడం, పొడవు కాపాడటం ముఖ్యం. మెలికలు ఎక్కువగా ఉన్న పిల్లలకైతే ముందు నడుము, పాదాలు కదలకుండా ఆనే కుర్చీ ఏర్పాటు చేయాలి. ఒళ్లు కుదురుగా ఉంటేనే చేతులు పని చేస్తాయి.

రోగ నిర్ధారణ పూర్తయ్యే దాకా ఆగాల్సిన పని లేదు. ఏడాది నిండకుండానే ఒకే చేతిని వాడటం, పిడికిళ్లు ఎప్పుడూ ముడుచుకునే ఉండటం, కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడటం, నాలుగైదు నెలలు దాటినా మెడ నిలవకపోవడం కనిపిస్తే వెంటనే చూపించండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు వయసును పుట్టిన రోజు నుంచి కాకుండా, కాన్పు అవుతుందని డాక్టరు ముందుగా చెప్పిన తేదీ (డ్యూ డేట్) నుంచి లెక్కగట్టాలి. అనుభవం ఉన్న నిపుణులు చంటిబిడ్డ సహజ కదలికలు చూసి అయిదు నెలల లోపే ప్రమాదాన్ని గుర్తించగలరు. మెదడు తనను తాను బాగా సర్దుకోగలిగే కాలం అది, కాబట్టి అనుమానం ఉన్నప్పుడే థెరపీ మొదలుపెట్టడం మంచిది.

దశ 1: పిల్లలు ఏ స్థాయిలో ఉన్నారో అడిగి తెలుసుకోండి

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో పిల్లల కదలికను అయిదు స్థాయిలుగా విడదీసే పద్ధతిని ప్రచురించారు. దాన్ని జీఎంఎఫ్‌సీఎస్ (గ్రాస్ మోటార్ ఫంక్షన్ క్లాసిఫికేషన్ సిస్టమ్) అంటారు. ఇప్పుడు దాదాపు అన్ని దేశాల థెరపిస్టులూ ఇదే వాడుతున్నారు. వయసును బట్టి వివరాలు మారతాయి. బడి వయసు పిల్లల్లో స్థూలంగా ఇలా ఉంటుంది.

ఒకటో స్థాయి: నడుస్తారు, పరుగెత్తుతారు, పట్టుకోకుండా మెట్లెక్కుతారు. వేగం, బ్యాలెన్స్ కాస్త తక్కువ.
రెండో స్థాయి: నడుస్తారు, కానీ మెట్ల దగ్గర రెయిలింగ్ కావాలి. ఎగుడుదిగుడు నేల, ఎక్కువ దూరం కష్టం.
మూడో స్థాయి: వాకర్ లాంటిది చేత్తో పట్టుకుని నడుస్తారు. దూరాలకు వీల్‌చైర్ కావాలి.
నాలుగో స్థాయి: ఆసరా ఉంటే కూర్చుంటారు. ఎక్కువగా వీల్‌చైర్‌లోనే తిరుగుతారు, మోటారు కుర్చీని తామే నడపగలిగేవాళ్లూ ఉంటారు.
అయిదో స్థాయి: మెడ, నడుము నిలపడమే కష్టం. అన్నిటికీ ఇంకొకరి సాయం కావాలి.

ఈ అంకె వినడానికి చాలా మంది తల్లిదండ్రులు భయపడతారు. భయపడినా అడగండి, ఎందుకంటే తుంటి ఎక్స్‌రే ఎప్పుడెప్పుడు తీయించాలి, ఏ పరికరం కావాలి, ఏ లక్ష్యం పెట్టుకోవాలి అన్నవన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. అదే పరిశోధక బృందం 657 మంది పిల్లల్ని గమనించి 2002లో ఎదుగుదల రేఖలు గీసింది. ఒకటో స్థాయి పిల్లలు తమ కదలిక సామర్థ్యంలో దాదాపు 90 శాతాన్ని అయిదేళ్లు వచ్చేసరికి, అయిదో స్థాయి పిల్లలు మూడేళ్ల లోపే అందుకుంటారని అందులో తేలింది. ఆ రేఖలు కూర్చోవడం, నిలబడటం, నడవడం వంటి పెద్ద కదలికలకే సంబంధించినవి. బట్టలు వేసుకోవడం, మాట్లాడే పరికరం వాడటం, ఈత కొట్టడం వంటివి ఆ తర్వాత కూడా నేర్చుకుంటూనే ఉంటారు.

దశ 2: ఒక్క పని ఎంచుకోండి

"నడవాలి" అనేది ఆశ, దాన్ని లక్ష్యంగా పెట్టుకుంటే ఈ వారం ఏం చేయాలో తెలియదు. లక్ష్యం కళ్లకు కనిపించాలి, రెండు నెలల్లో అందేలా ఉండాలి, ముఖ్యంగా పిల్లలకు ఇష్టమై ఉండాలి. "స్టూల్ మీద నుంచి తనే లేచి, సింక్ పట్టుకుని నిలబడి, చేతులు కడుక్కోవాలి" అనేది మంచి లక్ష్యం. "సోఫా పట్టుకుని పక్కకు అడుగులేసి చెల్లి దగ్గరికి వెళ్లాలి" అనేదీ అలాంటిదే. మాట్లాడగలిగే వయసు పిల్లలైతే వాళ్లనే అడగండి. పెద్దలు నడక కోరుకుంటుంటే, పిల్లలు ఫ్రెండ్స్‌తో నేల మీద కూర్చుని ఆడుకోవాలనుకుంటారు. వాళ్ల కోరికతో మొదలుపెట్టండి, సాధన దానంతటదే సాగుతుంది.

ఎంత సాధన కావాలి? ఒక నిర్దిష్టమైన పని రావడానికి సుమారు 14 నుంచి 25 గంటల సాధన పడుతుందని ఇంతవరకు జరిగిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు అంచనాకు వచ్చారు. రోజుకు అరగంట చొప్పున ఆరు వారాలు చేస్తే 21 గంటలు. వారానికి రెండు సెషన్లతోనే ఆ గంటలు పూర్తి చేయాలంటే నెలలు పడుతుంది. ఇంట్లో సాధన ఎందుకు తప్పనిసరో ఈ లెక్కే చెబుతుంది. ఆ అరగంటను కూడా ఒకేసారి చేయనక్కర్లేదు. పళ్లు తోముకునేటప్పుడు అయిదు నిమిషాలు, బట్టలు మార్చేటప్పుడు అయిదు, ఆటలో పదిహేను, ఇలా రోజులో కలిసిపోతే పిల్లలకూ విసుగు రాదు, మీకూ మరో డ్యూటీలా అనిపించదు.

ఇంకో మాట. పనిని ముక్కలు చేసి ఒక్కో కండరాన్ని విడిగా చేయించడం కన్నా, ఆ పనిని మొత్తంగా, అది నిజంగా అవసరమైన చోటే చేయించాలి. చేతులు కడుక్కోవడం కోసం లేచి నిలబడటాన్ని సింక్ ముందు నేర్పండి, చాప మీద కాదు.

దశ 3: లేచి నిలబడటం, వివరంగా

ఒక్క వ్యాయామమే నేర్పమంటే నేను దీన్నే నేర్పుతాను. కూర్చున్న చోటు నుంచి లేవడంలో తొడలు, పిరుదులు, పిక్కలు, నడుము అన్నీ పని చేస్తాయి, బ్యాలెన్స్ వస్తుంది, పిక్క సాగుతుంది. రోజులో ఎన్నిసార్లు లేస్తామో చూసుకుంటే సాధనకు అవకాశాలు కూడా బోలెడు.

వెనక్కి వాలడానికి వీల్లేని, కదలని స్టూల్ తీసుకోండి. మొదట్లో మోకాలి ఎత్తు కన్నా కొంచెం ఎత్తుగా ఉంటే లేవడం సులువు. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. మడమలు మోకాళ్లకు సరిగ్గా కింద కాకుండా కాస్త వెనక్కి ఉండాలి. హెమిప్లీజియా ఉంటే బలహీనమైన పక్క పాదాన్ని రెండోదాని కన్నా కొద్దిగా వెనక్కి పెట్టండి. అప్పుడు బరువు దాని మీద పడక తప్పదు. లేకపోతే పిల్లలు మొత్తం మంచి కాలితోనే లేచేస్తారు.

బొమ్మో, ఇష్టమైన వస్తువో ఎదురుగా, చేయి చాస్తే కొద్దిలో అందని దూరంలో పట్టుకోండి. దాని కోసం వంగినప్పుడు ముక్కు కాలివేళ్ల కన్నా ముందుకు రావాలి. లేవడానికి అసలు కీలకం ఇదే. ముందుకు వంగకుండా లేవబోతే కాళ్లు కొయ్యల్లా బిగిసి, మడమలు లేచి, వెనక్కి పడిపోతారు. అలా జరిగితే పైకి లాగకండి. మళ్లీ కూర్చోబెట్టి, బొమ్మను ఇంకాస్త కిందికి, ముందుకు తీసుకురండి.

మీ చేతులు ఎక్కడుండాలన్నది చాలా ముఖ్యం. చంకల్లో చేతులు పెట్టి ఎత్తితే పిల్లల కాళ్లకు పని ఉండదు. వాళ్ల ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, అరచేతులు వాళ్ల మోకాళ్ల పైన పెట్టి, బరువు మడమల్లోకి దిగేలా మెల్లగా కిందికీ ముందుకీ నొక్కండి. మడమ నేలకు అతుక్కుని ఉంటే తొడ బలం పుంజుకోవడం మీ చేతికే తెలుస్తుంది. ఆ తర్వాత ఆగండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఈ పిల్లల్లో "లేవాలి" అనుకోవడానికీ ఒళ్లు కదలడానికీ మధ్య ఎక్కువ సమయం పడుతుంది. రెండు సెకన్లకే మనం ఎత్తేస్తే, ఆ ప్రయత్నం మొదలవకముందే ఆగిపోతుంది.

కూర్చునేటప్పుడు ధబ్బున కూలబడనివ్వకండి. మెల్లగా దిగడం లేవడం కన్నా కష్టం, బలం కూడా దానితో బాగా పెరుగుతుంది. మొదట ఆరేడు సార్లు చాలు. తేలిగ్గా వస్తుంటే స్టూల్ ఎత్తు తగ్గించండి, తర్వాత మీ చేతులు తీసేయండి, ఆ తర్వాత చేతిలో ఏదో ఒకటి పట్టుకుని లేవమనండి. పొరపాట్లు వస్తున్నాయంటే నేర్చుకుంటున్నారని అర్థం. పది సార్లూ తడబడకుండా లేస్తున్నారంటే పని మరీ సులువైపోయింది, కాస్త కష్టం పెంచండి.

దశ 4: పిల్లలున్న చోటి నుంచి ముందుకు

మెడ ఇంకా నిలవని పిల్లల్ని మెలకువగా ఉన్నప్పుడు, మీరు చూస్తుండగా బోర్లా పడుకోబెట్టండి. నేల మీద ఏడిస్తే మీరు వెనక్కి వాలి కూర్చుని మీ గుండెల మీద బోర్లా వేసుకోండి. మీ ముఖం చూడటానికే తల ఎత్తుతారు. తువ్వాలు చుట్టి ఛాతీ కింద, మోచేతులు భుజాల కిందికి వచ్చేలా పెడితే తల లేపడం ఇంకా తేలిక. ఒకటి రెండు నిమిషాల చొప్పున, రోజులో చాలాసార్లు.

కూర్చోవడంలో అంతా నడుము కింది భాగం మీదే ఆధారపడి ఉంటుంది. తొడ వెనక కండరాలు బిగిసి ఉన్న పిల్లల్ని కాళ్లు చాపి నేల మీద కూర్చోబెడితే నడుము వెనక్కి వాలి, వీపు గూనిగా వంగుతుంది. అదే పిల్లల్ని మందమైన దుప్పటి మడత మీదో, పొట్టి స్టూల్ మీదో, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెడితే వీపు దానంతటదే నిటారు అవుతుంది. భుజాలు పట్టుకోకండి, తుంటికి రెండు పక్కలా పట్టుకోండి. పట్టు రోజురోజుకూ సడలించండి. రెండు కాళ్లూ వెనక్కి మడిచి డబ్ల్యూ ఆకారంలో కూర్చోవడం గురించి చాలా మంది కంగారు పడతారు. కొందరు పిల్లలకు చేతులు ఖాళీగా ఉండేలా కూర్చోగలిగే పద్ధతి అదొక్కటే. అరిచి మాన్పించకండి. స్టూల్, పక్కకు కాళ్లు మడిచి కూర్చోవడం, బాసింపట్టు వంటివి మధ్యమధ్యలో అలవాటు చేయండి, ఒకే భంగిమలో గంటలు గడవకుండా చూడండి.

నేల మీద నుంచి లేవడానికి మోకాళ్ల మీద నిలబడటం, తర్వాత ఒక పాదం ముందు పెట్టడం, ఆ పాదం మీద బరువు వేసి లేవడం, ఈ వరసలో వెళ్లండి. లేచి నిలబడ్డాక సోఫా వెంట పక్కకు నడిపించండి. పక్కకు వేసే అడుగు తుంటి పక్క కండరాలకు బలమిస్తుంది. ఎదురుగా నడిచేటప్పుడు ఒళ్లు పక్కకు ఒరిగిపోకుండా కాపాడేది ఆ బలమే.

నడక నేర్పేటప్పుడు రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని నడిపించడం అందరూ చేసేదే, కానీ దాని వల్ల మేలు తక్కువ. బరువు మీ చేతుల్లో ఉంటుంది, పిల్లలు మునివేళ్ల మీద తేలుతూ కాళ్లాడిస్తారు. చేతులు వాళ్ల నడుము కన్నా ఎత్తుకు రాకూడదు. బరువుగా ఉండి మెల్లగా జరిగే దేన్నైనా తోయించండి, లేదా వెనక నుంచి ఆసరా ఇచ్చే వాకర్ గురించి థెరపిస్టును అడగండి. ముందుండే వాకర్ మీద పిల్లలు వంగిపోతారు, వెనక ఉండేది నిటారుగా నిలబెడుతుంది. మధ్యలో సీటు ఉండి చక్రాల మీద తిరిగే చంటిపిల్లల వాకర్‌ మాత్రం వద్దు. అందులో మునివేళ్లతో తోసుకోవడం అలవాటవుతుంది, బోల్తా పడే ప్రమాదం కూడా ఉంది.

ఒక చేయి బలహీనంగా ఉన్న పిల్లలకు, మంచి చేతికి మెత్తటి గ్లవ్ తొడిగి ఆట సమయంలో బలహీనమైన చేత్తోనే ఆడించే పద్ధతికి మంచి ఆధారాలున్నాయి. గ్లవ్ ఎంతసేపు, ఎన్ని వారాలు అన్నది థెరపిస్టు నిర్ణయించాలి. దానితో పాటు మూత తీయడం, కాగితం చింపడం, బంతి పట్టుకోవడం వంటి రెండు చేతుల పనులూ ఉండాలి.

నాలుగు, అయిదు స్థాయిల పిల్లల తల్లిదండ్రులకు పైన చెప్పినవి దూరంగా అనిపించవచ్చు. మీ పిల్లలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది, లక్ష్యాలు మాత్రం వేరు. బట్టలు మార్చేటప్పుడు తనే పక్కకు పొర్లడం, కుర్చీ మారేటప్పుడు కాళ్ల మీద రెండు క్షణాలు బరువు మోయడం, తల తిప్పి స్విచ్ నొక్కడం. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా బిడ్డకు రోజు మారిపోతుంది, ఎత్తుకునే వాళ్ల నడుముకూ భారం తగ్గుతుంది. మోటారు వీల్‌చైర్ ఇస్తే ఇక నడవడానికి ప్రయత్నించరని భయపడి ఆపేస్తుంటారు. ఆ భయంతో ఆపకండి. రెండు మూడేళ్ల పిల్లలు కూడా దాన్ని నేర్చుకోగలరు. తనంతట తాను గది దాటి వెళ్లడం తెలిసిన పిల్లల్లో కుతూహలం, ఆటలో చొరవ పెరుగుతాయి.

దశ 5: మిగిలిన గంటల్లో ఒళ్లు ఎలా ఉంటోంది

చేత్తో కాసేపు కాలు సాగదీసి వదిలేస్తే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, కండరం పొడవు మాత్రం నిలవదు. పిక్క కండరం కుంచించుకుపోకుండా ఉండాలంటే రోజులో కనీసం ఆరు గంటలు అది సాగిన స్థితిలో ఉండాలని ఫ్రాన్స్‌లో జరిగి 1988లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అన్ని గంటలు ఎవరూ చేత్తో పట్టుకోలేరు. స్ప్లింట్లు (కాలిని సరైన స్థితిలో నిలిపే తొడుగులు), కుర్చీ, నిలబెట్టే ఫ్రేమ్, పడుకునే భంగిమ ఆ పని చేయాలి.

చీలమండకు వేసే ఏఎఫ్‌ఓ స్ప్లింట్ తొడిగేటప్పుడు ముందు మోకాలు వంచండి, పిక్క వదులవుతుంది. మడమ వెనక్కి, కిందికి పూర్తిగా ఆనిందో లేదో చూసి, చీలమండ మీది పట్టీ మొదట బిగించండి. తీశాక చర్మం చూడండి. ఎరుపు అరగంటలో పోకపోతే ఆ చోట ఒత్తుతోందని అర్థం, స్ప్లింట్ సరిచేయించాలి. పిల్లల పాదాలు ఎదుగుతాయి కాబట్టి ఏడాది నాటి స్ప్లింట్ ఇంకా సరిపోతోందని నమ్మకండి.

సొంతంగా నిలబడలేని పిల్లల్ని 9 నుంచి 12 నెలల వయసు నుంచే స్టాండింగ్ ఫ్రేమ్‌లో నిలబెట్టడం మొదలుపెట్టవచ్చు. ఎముకల గట్టిదనం కోసం వారానికి అయిదు రోజులు, రోజుకు 60 నుంచి 90 నిమిషాలు అనేది నిపుణుల సూచన. తుంటి కోసమైతే కాళ్లు ఎడంగా ఉంచి రోజుకు గంట సేపు. మొదటి రోజే అంతసేపు కాదు, అయిదు పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచండి. ఫ్రేమ్‌లో ఊరికే నిలబెట్టి వదిలేయకుండా ముందు ఆట పెట్టండి.

కాళ్లు కత్తెరలా పడి బిగిసినప్పుడు చీలమండలు పట్టుకుని విడదీయకండి, బిగుతు ఇంకా పెరుగుతుంది. ముందు తుంటి, మోకాలు వంచండి, నడుమును అటూ ఇటూ మెల్లగా తిప్పండి, వదులయ్యాక మోకాళ్ల పై నుంచి తొడలను ఎడం చేయండి. చిన్నపిల్లల్ని కాళ్లు రెండూ ఎడంగా వచ్చేలా చంకనెత్తుకోవడం మంచి పద్ధతి.

దశ 6: తుంటిని మర్చిపోకండి

ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. బిగిసిన కండరాలు తొడ ఎముక గుండ్రటి తలను దాని గూటిలోంచి మెల్లమెల్లగా బయటికి లాగేస్తాయి. మొదట్లో నొప్పి ఉండదు, పైకి ఏమీ కనిపించదు. నొప్పి వచ్చే నాటికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. ఆస్ట్రేలియాలో 323 మంది పిల్లల మీద జరిగి 2006లో వచ్చిన అధ్యయనంలో సుమారు 35 శాతం మందికి తుంటి పక్కకు జరిగింది. ఒకటో స్థాయి పిల్లల్లో అలా ఎవరికీ లేదు, అయిదో స్థాయిలో 90 శాతం మందికి ఉంది.

దీన్ని కనిపెట్టే దారి ఎక్స్‌రే ఒక్కటే. తొడ ఎముక తల ఎంత శాతం గూటి బయట ఉందో దానిలో కొలుస్తారు. 30 శాతం దాటితే ఎముకల డాక్టరు చూడాలి. మొదటి ఎక్స్‌రే ఏడాది నుంచి రెండేళ్ల మధ్య తీయిస్తారు. ఆ తర్వాత స్థాయిని బట్టి ఆరు నెలలకో, ఏడాదికో. స్వీడన్ దక్షిణ ప్రాంతంలో 1994లో పిల్లలందరినీ ఇలా క్రమం తప్పకుండా గమనించడం మొదలుపెట్టాక తుంటి పూర్తిగా జారిపోవడం చాలా అరుదైపోయింది. డాక్టరు చెప్పకపోయినా మీరే అడగండి: "తుంటి ఎక్స్‌రే ఎప్పుడు? పోయినసారి ఎంత శాతం వచ్చింది?" ఆ అంకెలన్నీ తేదీలతో ఒక చోట రాసిపెట్టుకోండి. డైపర్ మార్చేటప్పుడు ఒక కాలు మునుపటి కన్నా తక్కువ ఎడం కావడం, ఒక కాలు పొట్టిగా కనిపించడం గమనిస్తే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

దశ 7: బడి వయసు పిల్లలకు బలం, దమ్ము

బలాన్ని పెంచే వ్యాయామం చేయిస్తే కండరాల బిగుతు పెరుగుతుందని ఒకప్పుడు వద్దనేవారు. అది నిజం కాదని తేలింది. బిగుతు వెనక దాగి ఉన్న అసలు సమస్య చాలాసార్లు బలహీనతే. వారానికి రెండు నుంచి నాలుగు సార్లు, మధ్యలో ఒక రోజు విరామంతో, ఒక్కో వ్యాయామం 6 నుంచి 15 సార్లు చొప్పున ఒకటి నుంచి మూడు విడతలు చేయించాలి. చివరి రెండు మూడు సార్లు నిజంగా కష్టంగా అనిపించాలి. మెట్టెక్కి దిగడం, బరువున్న బ్యాగు వేసుకుని స్టూల్ మీద నుంచి లేచి మళ్లీ కూర్చోవడం, మునివేళ్ల మీద లేవడం వంటివి థెరపిస్టు ఎంచి ఇస్తారు. మూడు నాలుగు నెలలు ఆపకుండా చేస్తేనే తేడా తెలుస్తుంది.

దమ్ము కోసం మూడు చక్రాల సైకిల్, ఈత, వీల్‌చైర్ పరుగు, డ్యాన్స్, ఏది ఇష్టమైతే అది. మొదట వారానికి ఒకటి రెండు సార్లు, తర్వాత మూడు సార్లు, కనీసం 20 నిమిషాలు, ఆయాసం వచ్చి మాటలు తెగేంత వేగంతో. ఈత ముందు ఫిట్స్ ఉన్న పిల్లల విషయం డాక్టరుతో మాట్లాడండి, నీళ్లలో పెద్దవాళ్లు ఒకరు చేయి అందేంత దగ్గరలో ఉండాల్సిందే.

దశ 8: ఎప్పుడు ఆపాలి

సెరిబ్రల్ పాల్సీ ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురికి నొప్పి ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. చెప్పుకోలేని పిల్లల్లో అది చిరాకుగా, నిద్రలేమిగా, పెరిగిన బిగుతుగా బయటపడుతుంది. కష్టపడుతున్నప్పుడు వచ్చే మూలుగు వేరు, నొప్పికి వచ్చే ఏడుపు వేరు. రెండోది వినిపిస్తే ఆపేయండి. ఏడిపిస్తూ చేయించే వ్యాయామం పిల్లలకు వ్యాయామం అంటేనే భయం నేర్పుతుంది.

పెదాలు నీలం తిరగడం, ఊపిరి అందకపోవడం, చూపు నిలిచిపోవడం, ఫిట్స్ రావడం కనిపిస్తే వెంటనే వైద్య సాయం తీసుకోండి. నిలబడని పిల్లల ఎముకలు బలహీనంగా ఉంటాయి, మామూలుగా బట్టలు మార్చేటప్పుడు కూడా తొడ ఎముక విరగవచ్చు. బిగిసిన కీలును బలంగా ఎప్పుడూ తిప్పకండి. ఉన్నట్టుండి ఒక కాలు ముట్టుకోనివ్వకపోతే, వాపు, వేడి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. తిన్న వెంటనే వ్యాయామం వద్దు. చేతులు పట్టుకుని లేపడం కూడా వద్దు, భుజం జారవచ్చు. ఎత్తుకునే ముందు మీ మోకాళ్లు వంచి బిడ్డను ఒంటికి దగ్గరగా తీసుకోండి, బరువు పెరిగాక ఇద్దరు కలిసి ఎత్తండి లేదా మనిషిని ఎత్తే లిఫ్ట్ పరికరం వాడండి. మీ నడుము పోతే థెరపీ మొత్తం ఆగిపోతుంది.

దశ 9: ఇంజెక్షన్లు, ఆపరేషన్లు, ఇంకా కొన్ని వాగ్దానాలు

బొటాక్స్ ఇంజెక్షన్ బిగుతును మూడు నాలుగు నెలల పాటు తగ్గిస్తుంది. ఆ నెలల్లో గట్టిగా సాధన చేయించకపోతే ఇంజెక్షన్ వృథా. కాబట్టి తేదీ ఖరారయ్యే ముందే ఏ లక్ష్యం కోసం వేయిస్తున్నారో, ఆ తర్వాత థెరపీ ఎలా ఉంటుందో రాయించుకోండి. వెన్నులో కొన్ని నరాల వేళ్లను కత్తిరించే ఎస్‌డీఆర్ ఆపరేషన్ కొద్దిమందికే సరిపోతుంది, తర్వాత చాలా నెలల థెరపీ కావాలి.

మాలిష్ వల్ల పిల్లలకు హాయిగా ఉంటుంది, నిద్ర పడుతుంది, చేయండి. కానీ దానితో నడక రాదు. ఎక్కువ ఒత్తిడి ఉన్న గదిలో ఆక్సిజన్ పీల్పించే ఛాంబర్ చికిత్స మీద కెనడాలో 111 మంది పిల్లలతో పరీక్ష చేసి 2001లో ఫలితాలు ప్రచురించారు. ఆక్సిజన్ ఇచ్చిన పిల్లలూ, కొద్దిపాటి ఒత్తిడితో మామూలు గాలి ఇచ్చిన పిల్లలూ ఒకేలా మెరుగుపడ్డారు. "పూర్తిగా నయం చేస్తాం" అని ఎవరు చెప్పినా, డబ్బు కట్టే ముందు మీ పిల్లల డాక్టరుతో మాట్లాడండి. ఆ డబ్బుకు మంచి కుర్చీ, సరైన స్ప్లింట్ వస్తాయి.

దశ 10: చూసుకుంటూ, మార్చుకుంటూ

మొదలుపెట్టిన రోజు ఆ పనిని ఫోన్‌లో వీడియో తీయండి. ఆరు వారాలకు అదే చోట, అదే కోణంలో మళ్లీ తీయండి. రోజూ చూసే కళ్లకు కనిపించని మార్పు వీడియోలో తెలుస్తుంది. మార్పు ఉంటే లక్ష్యం పెంచండి. లేకపోతే పిల్లల్ని తప్పుపట్టకుండా, లక్ష్యం పెద్దదైందా, సాధన తక్కువైందా, నొప్పి ఉందా, స్ప్లింట్ బిగుతైందా అని థెరపిస్టుతో కలిసి వెతకండి. జ్వరం వచ్చి, చుట్టాలొచ్చి, మీకే ఓపిక లేక వారం ఆగిపోతే ఆగిపోనివ్వండి. తర్వాతి సోమవారం అయిదు నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టండి. తోబుట్టువుల్ని కూడా కలుపుకోండి, కానీ వాళ్లను థెరపిస్టుల్ని చేయకండి.

పదకొండు పన్నెండేళ్లకు ఎత్తు, బరువు ఒక్కసారిగా పెరిగినప్పుడు, అంతవరకు వాకర్‌తో బడికి నడిచిన పిల్లలు వీల్‌చైర్ కావాలనవచ్చు. కాదనకండి. నడిచి తరగతికి చేరేసరికే అలసిపోతే పాఠం వినే ఓపిక ఉండదు. బడిలో కుర్చీ వాడి, సాయంత్రం అరగంట నడక, వారానికి రెండుసార్లు బలం పెంచే వ్యాయామం కొనసాగించడం మంచి ఏర్పాటు. ఆ వయసులో తుంటి, వెన్ను మళ్లీ చూపించాలి, స్ప్లింట్లు కొత్తగా కొలిపించాలి. థెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు "ఏం కావాలి" అన్న ప్రశ్నకు ఇక మీరు కాకుండా పిల్లలే జవాబు చెప్పేలా ముందు రోజు రాత్రి వాళ్లతో కూర్చుని రాయించండి.